లెక్కింపుకు ముందు కుట్టిన జెండాలు

మార్చి 4

చిన్నది ఈ రోజు ఫ్రిజ్ కొన్నది. రెండు తలుపులది. ఇద్దరు మనుషులు మోసుకుంటూ మెట్లెక్కారు. నా కుట్టుగది మెట్ల కిందే కాబట్టి అది నా నెత్తిమీదుగానే వెళ్ళింది. నేను మిషను ఆపలేదు.

నాకు అసూయ లేదు. పొద్దున దేవుడి ముందు చెప్పాను, ఇక్కడా రాస్తున్నాను. తోడికోడలు బాగుపడితే ఇల్లు బాగుపడినట్టే. ఇరవై రెండేళ్ళ క్రితం ఈ ఇంటికి వచ్చినప్పుడు దానికి సూదిలో దారం ఎక్కించడం కూడా రాదు. నేనే నేర్పాను. ఇప్పుడు కళ్ళజోళ్ళ దుకాణంలో కౌంటర్ దగ్గర నిలబడి, బేరాలు లేనప్పుడు ఫోనులో షేర్లు కొంటుంది, అమ్ముతుంది. పెద్దాయన దేశం పగ్గాలు పట్టిన ఈ పదిహేనేళ్ళలో రోడ్లూ వంతెనలూ లేచాయి, సిమెంటు కంపెనీలు లేచాయి, వాటికి అప్పులిచ్చిన బ్యాంకులు లేచాయి. అది ఆ కంపెనీలవీ ఆ బ్యాంకులవీ షేర్లు కొన్నది. నేను అదే బ్యాంకులో డిపాజిట్ వేశాను. బ్యాంకు నాకిచ్చే వడ్డీ ఏటా తగ్గింది. అదే బ్యాంకు దానికి లాభంలో వాటా ఏటా పెంచింది. నా డబ్బుతోనే దానికి పెడుతున్నారని నాకు అనిపిస్తుంది. మా ఆయనతో అంటే నవ్వారు.

మార్చి 9

ఇంటాయన వచ్చాడు. కూతురి దగ్గరికి వెళ్ళిపోతాడట, ఇల్లు అమ్మేస్తాడట. ముప్పై ఏళ్ళుగా అద్దెకున్నాం కాబట్టి ముందు మమ్మల్నే అడుగుతున్నానన్నాడు. మే నెలాఖరు దాకా గడువు.

ఆయన నా వైపు చూశారు. మా డిపాజిట్ మొత్తం ఈ ఇంటి మెట్లకు కూడా చాలదు. మరిది నేల వైపు చూశాడు. వాన్ డ్రైవరుకు అంత ఎక్కడిది. చిన్నది మాత్రం కొంగు సర్దుకుని, "ఎన్నికలు అయ్యాక చెబుతాం బాబాయిగారూ, మా షేర్లు ఇప్పుడున్నట్టు ఉంటే కొనేస్తాం" అన్నది.

మా షేర్లు అన్నది. వెనక గదిలో మంచం మీదినుంచి అత్తయ్య, "ఏమంటున్నాడు?" అని అడిగింది. నేనే వెళ్ళి చెప్పాను. "చిన్నది కొంటుందా?" అన్నది. ఆ గొంతులో సంతోషం నేను విన్నాను.

మార్చి 10

ప్రార్థనలో మనసు నిలవలేదు. పెద్దకోడలు చిన్నకోడలికి అద్దె కట్టడం గురించి ఏ గ్రంథంలోనూ రాసినట్టు లేదు.

మార్చి 17

జెండాల ఆర్డర్లు మొదలయ్యాయి. ఎన్నికలొస్తే నాకు చేతినిండా పని. పెద్దాయన పార్టీది ఊదా జెండా. ఎదుటి పార్టీది చారల జెండా, దాని నాయకురాలు ఒకప్పుడు బళ్ళో పాఠాలు చెప్పింది కాబట్టి అందరూ టీచరమ్మ అంటారు. నేను ఎవరికైనా కుడతాను. దారానికి పార్టీ లేదు.

జెండాల ఆయన రెండు పార్టీలకూ గుత్త తీసుకుంటాడు. ఊదా ఆరు వేలు, చారలు ఆరు వేలు. గుడ్డ ధర పెరిగిందని మూలిగాడు. గుడ్డ బయటిదేశం నుంచి రావాలి. ప్రభుత్వం మారుతుందేమోనన్న అనుమానంతో మన డబ్బు విలువ జారుతోందట. ఎవరు గెలుస్తారో తెలియక వ్యాపారులు సరుకు దాచుకుంటున్నారట. ఇంకా ఒక్క ఓటూ పడలేదు, నా దారపు రీలు ధర అప్పుడే పెరిగింది.

కత్తిరింపు ముక్కలు రోజుకు రెండు సంచులవుతున్నాయి. నా నడుము పట్టేసినప్పటినుంచి కింద ఇంటి చెత్త కూడా చిన్నదే మోస్తుంది. దుకాణానికి వెళ్తూ వీధి చివర తొట్టిలో వేస్తుంది. అడగకుండానే చేస్తుంది. అది కూడా నాకు నచ్చదు. ఎందుకు నచ్చదో రాయలేను.

ఏప్రిల్ 2

సాయంత్రం అందరూ కిందే భోంచేశారు. టీచరమ్మ సభకు జనం విరగబడ్డారని వార్త, అందుకని షేర్లు కొంచెం పడ్డాయని చిన్నది చెప్పింది. టీచరమ్మ వస్తే కంపెనీల మీద పన్ను వేస్తుందని, వంతెనలు ఆపేస్తుందని భయమట.

లిఫ్టులు బాగుచేసే మా ఆయనకు ఇవన్నీ వేళాకోళం. "మా లిఫ్టు పడితే తాడు తెగిందా, మోటారు పోయిందా అని చూస్తాం. మీ మార్కెట్టు పడితే ఏం చూస్తారు? వాడి మొహం, వీడి మొహం చూస్తారు" అన్నారు. అందరూ నవ్వారు. చిన్నది అందరికంటే ఎక్కువ నవ్వింది. నవ్వితే దాని బుగ్గ మీద ఇప్పటికీ సొట్ట పడుతుంది. నలభై ఒకటి దాటింది.

ఏప్రిల్ 20

ఓటు వేసి వచ్చాను. ఇన్నేళ్ళుగా పెద్దాయనకే వేశాను. ఈసారి ఎవరికి వేశానో ఇక్కడ కూడా రాయను. నా మనస్సాక్షి ప్రకారం వేశాను.

ఏప్రిల్ 21

పేదవాళ్ళకు టీచరమ్మ మేలు చేస్తుందని వేశాను. అంతే. వేరే ఉద్దేశం లేదు.

ఏప్రిల్ 24

జెండాల ఆయన వచ్చాడు. వాన్‌లో గుడ్డ తెచ్చాడు.

ఈ సంగతి రాసి పెట్టుకోవాలి. ఓట్లకు ముందు అందరూ జెండాలు కుట్టిస్తారు. పలచటి గుడ్డ, రెండువైపులే మడత, వానొస్తే రంగు దిగుతుంది. కానీ ఓట్లు పడ్డాక, లెక్కింపుకు ముందు, శాటిన్ గుడ్డతో, నాలుగువైపులా అంచు వేయించి, పెద్ద జెండాలు కుట్టించేవాడే గెలిచేవాడు. అవి ఊరేగింపు జెండాలు. గెలుస్తామని లోపల గట్టిగా తెలిసినవాళ్ళే ఆ ఖర్చు పెడతారు. మూడు ఎన్నికలు చూశాను, ఒక్కసారి కూడా తప్పలేదు. మూడుసార్లూ ఊదా శాటినే వచ్చింది. ఈ రహస్యం నాకూ, జెండాల ఆయనకూ, ఇంట్లోవాళ్ళకూ తప్ప ఎవరికీ తెలియదు.

ఈ రోజు వచ్చినది చారల శాటిన్. ఎనిమిది వందల జెండాలు. ఊదా ఒక్క మూర కూడా లేదు.

"వాళ్ళు అడగలేదా?" అన్నాను.

"వాళ్ళు ఫోనే ఎత్తడం లేదమ్మా. బయటికి పొక్కనివ్వకండి" అన్నాడు.

కిటికీకి తెర వేశాను. కుట్టినవాటి మీద పాత దుప్పటి కప్పాను. మిషను తొక్కుతుంటే నా నోట్లో పాట వచ్చింది. చిన్నప్పుడు పాడుకున్న ప్రార్థన గీతం. చాలా ఏళ్ళ తర్వాత వచ్చింది.

ఏప్రిల్ 26

అడిగింది.

దుకాణం నుంచి రాగానే నేరుగా నా గది గుమ్మం దగ్గరికి వచ్చింది. లోపలికి రాలేదు. దుప్పటి వైపు కూడా చూడలేదు. చెప్పులు విప్పకుండానే నిలబడి, "అక్కా, శాటిన్ వచ్చిందా?" అన్నది.

నేను సూది దారం చూసుకుంటున్నాను.

"పెద్దాయనే వస్తే నా షేర్లు అలాగే ఉంచేస్తాను. టీచరమ్మ వచ్చేటట్టుంటే లెక్కింపుకు ముందే అమ్మేయాలి. లేకపోతే ఇల్లూ లేదు, ఏమీ లేదు. నీకు తెలుస్తుంది కదా అక్కా. ఒక్క మాట చెప్పు."

నేను అబద్ధం ఆడలేదు. ఇది స్పష్టంగా రాసుకోవాలి. యాభై ఏళ్ళలో నేను తెలిసి అబద్ధం ఆడలేదు. "మన చేతిలో ఏముందమ్మా, అంతా ఆయన చేతిలో ఉంది. ఆయన మీద భారం వేసి ఉండు" అన్నాను. దేవుడి చేతిలో లేదని ఎవరైనా అనగలరా?

అది కొంతసేపు నిలబడింది. "సరే అక్కా" అన్నది. తర్వాత వంగి, గుమ్మం పక్కనున్న చెత్త సంచులు రెండూ తీసి ఒక పక్కకు జరిపింది, పొద్దున తీసుకెళ్ళడానికి.

ఏప్రిల్ 27

జెండాల ఆయనకు మాట ఇచ్చాను. మాట తప్పడం పాపం. ఇంతకుముందు ఆయన మాట తీసుకున్నా ఇంట్లో చెప్పేదాన్ని, నిజమే. అది తెలియక చేసిన తప్పు. ఇప్పుడు దిద్దుకున్నాను.

ఏప్రిల్ 30

మూడు వందలు అయ్యాయి. శాటిన్ జారిపోతుంది, పట్టుకోవడం కష్టం.

మే 6

టీచరమ్మ గెలిచింది. మధ్యాహ్నానికే తేలిపోయింది. నా జెండాలు టీవీలో కనిపించాయి. అంచు నాదని చూడగానే తెలిసింది.

మే 7

మార్కెట్టు కుప్పకూలింది. ఒక్క రోజులో ఇంత పడటం పదేళ్ళలో లేదని టీవీలో చెప్పారు. బ్యాంకులూ సిమెంటూ అన్నింటికంటే ఎక్కువ పడ్డాయి. తెర మీద అంకెలన్నీ ఎర్రగా కిందికి పరుగెత్తుతున్నాయి. ఆయన టీవీ కట్టేస్తే నేను మళ్ళీ పెట్టాను.

సాయంత్రం పైకి వెళ్ళాను. ఓదార్చడం నా ధర్మం. ఈ ఇంట్లో పెద్దదాన్ని నేను. దాని భుజం మీద చేయి వేసి, "ఇచ్చినవాడే తీసుకున్నాడు, దిగులు పడకు" అన్నాను. నా కళ్ళలో నిజంగానే నీళ్ళు వచ్చాయి.

అది నా మొహం లోకి చూసింది. "అవునక్కా. ఆయనకు అన్నీ తెలుసు" అన్నది.

నన్ను కూర్చోబెట్టి అన్నం పెట్టింది. తనూ తిన్నది, రెండోసారి కూడా వడ్డించుకుంది. దుఃఖంలో కొందరికి ఆకలి ఎక్కువవుతుంది. మరిది మాత్రం ఏదో చెప్పబోతే దాని కళ్ళు చూసి ఆగిపోయాడు.

మెట్లు దిగుతుంటే నడుము నొప్పి తెలియలేదు.

మే 8

హాయిగా ఉంది. ఎందుకో రాయను.

మే 14

ఇంటాయన ఒక మనిషిని తీసుకొచ్చాడు. చేతిలో కొలత టేపు, నోట్లో మాట లేదు. గదులన్నీ కొలిచాడు. నా మిషను పక్కకు జరిపి మెట్ల కింద కూడా కొలిచాడు. పాత ఇల్లు పడగొట్టి, కింద దుకాణాలు, పైన ఆఫీసులు కడతాడట. నెలాఖరుకు మేము కొనకపోతే ఒకటో తారీఖున అతనికి రాసేస్తాడట ఇంటాయన. నా వైపు చూడకుండా చెప్పాడు పాపం.

వెనక గది కొలిచేటప్పుడు అత్తయ్య మంచం అడ్డం వచ్చింది. ఆయనా మరిదీ మంచంతో సహా ఎత్తి జరిపారు. రెండేళ్ళుగా ఆవిడ ఆ గది దాటలేదు. టేపు చప్పుడు ఆగాక నన్ను పిలిచింది.

"పెద్దదానా, నన్ను ఎక్కడికి మారుస్తారు?"

"ఎక్కడికీ లేదత్తయ్యా."

"మీ ఇద్దరి మధ్యా ఏదో ఉంది. మంచంలో పడ్డదాన్ని, చెవులు పడలేదు. పిట్టపోరు పిట్టపోరు పిల్లి తీర్చిందంటారు. ఆ టేపువాడేనా పిల్లి?"

నేను దుప్పటి సర్దాను. సర్దిన దుప్పటినే మళ్ళీ సర్దాను.

మే 15

చిన్నది ఇల్లు కొంటే నేను దానికి అద్దె కట్టాలి. అది మాత్రమే చూశాను. అది కొనకపోతే ఏమవుతుందో చూడలేదు. పది తరగతులు చదివాను, ఈ కూడిక రాలేదు.

మే 16

ఇన్నాళ్ళూ దేవుణ్ణి ఏమడిగానో ఇప్పుడు తలచుకుంటే ఆయన ముందు కూర్చోలేకపోతున్నాను. దూరంగా గుమ్మం దగ్గర కూర్చున్నాను.

మే 19

టీచరమ్మ ప్రమాణం చేసింది. వంతెనలు ఏవీ ఆగవన్నది. ఖజానా చూసే మంత్రిగా పాత ప్రభుత్వంలో పనిచేసిన పెద్దమనిషినే పెట్టుకున్నది. పన్నుల సంగతి నిదానంగా చూద్దామన్నది. అంతే, అంకెలన్నీ పచ్చబడ్డాయి. పడ్డదంతా లేవడానికి పదిరోజులు కూడా పట్టదంటున్నారు.

"తాడు తెగిందనుకున్నారు, ఎవడో బటన్ నొక్కాడు" అన్నారు ఆయన.

మొన్న భయంతో అమ్ముకున్నవాళ్ళు నెత్తీ నోరూ కొట్టుకుంటున్నారట. చిన్నది కూడా అప్పుడే భయపడి అమ్ముకుని ఉంటుంది. అందరూ అదే చేశారట. పడ్డప్పుడు అమ్ముకుంటే, లేచినా దానికి లాభం లేదు. నేనొక్క మాట చెప్పి ఉంటే.

దాన్ని అడగాలని రెండుసార్లు మెట్లదాకా వెళ్ళి తిరిగొచ్చాను.

మే 23

పొద్దున బ్యాంకుకు వెళ్ళి డిపాజిట్ తీసేశాను. గడువుకు ముందే తీస్తే వడ్డీ పోతుందని కౌంటర్ అమ్మాయి రెండుసార్లు చెప్పింది. జెండాల డబ్బు కూడా అందులో కలిపాను. గుడ్డసంచిలో పెట్టుకుని పైకి వెళ్ళాను. చిన్నది ఒక్కతే ఉంది, ఫ్రిజ్ తుడుస్తోంది.

సంచి బల్ల మీద పెట్టాను. "ఇల్లు కొనడానికి ఉంచు. తక్కువ పడితే ఇంటాయన కాళ్ళు పట్టుకుని నేను అడుగుతాను" అన్నాను.

"ఇదెందుకక్కా నాకు?"

చెప్పాలనుకుని వెళ్ళలేదు. డబ్బు ఇచ్చేసి వచ్చేద్దామనుకున్నాను. అది ఎందుకు అని అడిగేసరికి నోరు దానంతట అదే తెరుచుకుంది. శాటిన్ వచ్చిందనీ, చారలదే వచ్చిందనీ, అడిగిన రోజు నాకు తెలుసుననీ, నువ్వు ఇల్లు కొనకూడదనే చెప్పలేదనీ అన్నాను. దేవుడి పేరు చెప్పి దాని చాటున దాక్కున్నానని కూడా అన్నాను. నా గొంతు నాకే వినపడనంత మెల్లగా అన్నాను.

అది తడిగుడ్డ పిండి, మడిచి, ఫ్రిజ్ మీద పెట్టింది.

"నాకు తెలుసక్కా."

తల ఎత్తి దాని మొహం చూశాను.

"రోజూ నీ చెత్త మోసేది నేనే కదా. పలచటి సంచి. పోయిన నెల ఇరవై అయిదో తారీఖున వీధి చివర తొట్టి దగ్గర ఎత్తేసరికి ఎండలో శాటిన్ ముక్కలు తళతళ మెరిశాయి. అన్నీ చారలవే."

కిటికీకి తెర వేసినదాన్ని. దుప్పటి కప్పినదాన్ని. ముక్కలు మాత్రం సంచిలో వేసి, మూతి కట్టి, దాని చేతికే ఇచ్చాను. రోజుకు రెండు.

ఇరవై ఏడునే మొత్తం అమ్మేసిందట. మార్కెట్టు పడ్డాక, అందరూ అమ్ముతుంటే కొన్నదట. నిన్నటికి ఇంటి ధరకు చేరిందట. ఎల్లుండి ఇంటాయనకు బయానా ఇస్తుందట. నేను ఓదార్చడానికి వెళ్ళిన రోజు అది ఎందుకు రెండోసారి వడ్డించుకున్నదో ఇప్పుడు తెలిసింది.

"ఇరవై అయిదునే తెలిస్తే, ఇరవై ఆరున నన్నెందుకు అడిగావు?"

"నువ్వు చెబుతావేమోనని."

ఫ్రిజ్ మోటారు ఆగింది.

"చెప్పి ఉంటే ఇల్లు ఇద్దరి పేర్లా రాయిద్దామని మా ఆయనతో అనుకున్నాను. నాకు సూది పట్టడం నేర్పిన మనిషివి నువ్వు. ఆ రోజు గుమ్మంలో ఎంతసేపు నిలబడ్డానో నీకు గుర్తుందా?"

గుర్తుంది.

"నేను క్షమించేశానని అనుకోకు అక్కా, అంత గొప్పదాన్ని కాను. అత్తయ్య ఆ గదిలోనే ఉంటుంది. నీ మిషను మెట్ల కిందే ఉంటుంది. అద్దె ఇప్పటిదే, పెంచను. కానీ ఒకటో తారీఖు దాటితే ఊరుకోను." సంచి దగ్గరికి లాక్కుంది. "దీన్ని అడ్వాన్సు కింద ఉంచుకుంటాను."

మే 24

ఆయనకు చెప్పాను. "సగం ఇల్లు" అన్నారు. ఆ తర్వాత ఆ మాట ఎత్తలేదు.

మే 31

ఇల్లు దానిదయ్యింది. అత్తయ్య నవ్వింది. నేనూ నవ్వాను.

జూన్ 1

పొద్దున్నే అద్దె తీసుకుని పైకి వెళ్ళాను. రసీదు రాసిచ్చింది. చల్లటి నీళ్ళు ఇచ్చింది. ఎప్పటిలాగే అక్కా అన్నది, ఎప్పటిలాగే కుర్చీ దులిపి వేసింది. నాలుగు మాటలు అనేసి ఉంటే నాకు తేలికయ్యేది.

ఇల్లు దానిదయినందుకు కాదు నా మంట. షేర్లకు కాదు. ఏప్రిల్ ఇరవై అయిదో తారీఖు నుంచి మే ఇరవై మూడో తారీఖు దాకా, తెలిసి, నాతో కలిసి తిని, నా ఓదార్పు విని, ఒక్క మాట తూలకుండా ఉన్నదే, ఆ శక్తి దానికెక్కడిది? రోజూ ప్రార్థించేదాన్ని నేను. అది వారానికొకసారి, అదీ హడావుడిగా దండం పెట్టి పరుగెత్తే మనిషి. ఈ మాట దేవుణ్ణే అడిగాను. కడుపులో మంట తగ్గలేదని కూడా ఆయనకే చెప్పాను. ఇన్నాళ్ళకు ఆయనతో ఒక్క నిజం చెప్పినట్టుంది.

కిందికి దిగేసరికి అది నా వెనకే దుకాణానికి బయలుదేరి, చెత్త సంచి కోసం వంగింది. నేను ముందే అందుకున్నాను.

"నీకు నడుము నొప్పి కదా అక్కా."

"తగ్గింది" అన్నాను. తగ్గలేదు.

వీధి చివరిదాకా మోసుకెళ్ళాను. తొట్టిలో వేసే ముందు సంచిని పైకెత్తి ఎండకు పట్టాను. బడిపిల్లల యూనిఫాం ముక్కలు, నీలంవి. ఒక్కొక్కటీ లెక్కపెట్టొచ్చు.